పడవలు లాగిన గట్టు మీద

మోకాళ్ల నొప్పులకు మారేడ్‌పల్లిలో ఒక డాక్టరుగారి దగ్గరికి వెళుతున్నాను. ఆయన వరండాలో ఒక టీవీ ఉంటుంది. శబ్దం తగ్గించి ఏదో ఒకటి పెట్టి ఉంచుతారు, మా ఈడు వాళ్లమంతా మోకాళ్ల మీద చేతులు వేసుకుని దాని వంక చూస్తూ వంతు కోసం కూర్చుంటాం. పోయిన వారం అందులో ఫ్రాన్సు దేశపు పల్లెటూళ్లు చూపిస్తున్నారు. ఒక కాలువ, కాలువ పక్కన సన్నని బాట, బాట పొడుగునా నీడ, తలనెరిసిన దంపతులిద్దరు సైకిళ్లకు రెండు వైపులా సంచులు తగిలించుకుని తొందరేమీ లేకుండా తొక్కుకుంటూ పోతున్నారు. కారు లేదు, లారీ లేదు. లాకులు వచ్చినప్పుడల్లా దిగి, అక్కడి చిన్న ఇంటి ముందు కూర్చుని రొట్టె తిని, మళ్లీ ఎక్కుతున్నారు. నా పక్కనున్నాయన, రాంగోపాల్‌పేట్‌లో చాలాకాలం బట్టల దుకాణం నడిపినాయన, కాసేపు చూసి నా వైపు వంగి, "సైకిల్ తొక్కనీకి గంత దూరం పోవాల్నా అన్నా? బొల్లారం దిక్కు పోతే సుత తొక్కొచ్చు గదా" అన్నారు. నవ్వాను. అంతలో తెర అడుగున ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. ఒకప్పుడు ఈ బాట మీద మనుషులూ గుర్రాలూ తాళ్లతో పడవలు లాగేవారని, పడవలు పోయాక బాట సైకిళ్లకు మిగిలిందని. ఆ తర్వాత నా పేరు రెండుసార్లు పిలిచారట, నాకు వినపడలేదు. కాంపౌండరు వచ్చి భుజం తట్టాడు.

అలాంటి బాట మీద నేను ఒక్క పగలు సైకిలు తొక్కాను, మా నాన్న వెనక. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ తొక్కలేదు.

మావాళ్లది కృష్ణా జిల్లా, ఏలూరు కాలువ మీది ఊరు. మా తాత పడవ లాగేవాడు. ధాన్యం, పెంకులు, ఇటుకలు, ఏది ఎక్కిస్తే అది బెజవాడ నుంచి ఏలూరు దాకా, అటు నుంచి ఇటు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే మనిషి. తాడు కొసకు కట్టిన అడ్డకర్రను రొమ్ముకు ఆనించుకుని, ముందుకు వాలి, గట్టు మీద అడుగులో అడుగు వేసుకుంటూ లాగడమే. కాలువకు రెండు గట్లుంటాయి గానీ లాగడానికి ఒక్కటే పనికొస్తుంది. ఆ గట్టు మీద నీళ్ల వైపున చెట్టు పెరగనివ్వరు, తాడు తగులుకుంటుందని. చెట్లన్నీ అవతలి గట్టున. తాతకు దగ్గు పట్టుకున్నాక మా పెదనాన్న, నాన్న చిన్నతనంలోనే ఆ తాడు కిందికి వచ్చారు. పెదనాన్న ముందు, నాన్న వెనక. ముందువాడు వెనక్కి తిరగకూడదు, తిరిగితే తాడు వదులై పడవ ముక్కు ఒడ్డుకు కొడుతుంది. అందుకని అన్నదమ్ములిద్దరూ ఏళ్ల తరబడి ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే కబుర్లు చెప్పుకున్నారు. నాన్న జీవితాంతం అలాగే మాట్లాడేవాడు, ఎదుటివాళ్లను కాకుండా ఎదురుగా ఉన్న గోడనో చెట్టునో చూస్తూ. ఆయనకు పొగరని మారేడ్‌పల్లిలో చాలామంది అనుకున్నారు.

తర్వాత మిషన్‌వాళ్ల దయతో నాన్న నాలుగక్షరాలు నేర్చుకుని, సికింద్రాబాదు వచ్చి, రాంగోపాల్‌పేట్‌లో ఒక అచ్చాఫీసులో పుస్తకాలు కుట్టే పనిలో కుదిరాడు. పెదనాన్న అక్కడే ఉండిపోయి, పడవలు తగ్గాక లాకుల దగ్గర లస్కరుగా చేరాడు. నీళ్లు వదలడం, తలుపులు తిప్పడం, గట్లు చూసుకోవడం ఆయన పని. లాకు పక్కనే సర్కారువారి చిన్న ఇల్లు. అన్నదమ్ముల మధ్య రాకపోకలు బాగానే ఉండేవి, నానమ్మ పోయేదాకా.

నానమ్మ పోయింది నడివేసవిలో. టెలిగ్రాం అంది, నాన్న రైలెక్కి, అక్కడికి చేరేసరికి సమాధి మీద పోసిన నీళ్లు కూడా ఇంకిపోయాయి. పెదనాన్న ఆగలేదు. సమాధి దగ్గరే నాన్న ఒక మాట అన్నాడట, పెదనాన్న ఒక మాట అన్నాడట. ఏమన్నారో మా అమ్మకు కూడా తెలియదు. చెప్పులైనా విప్పకుండా నాన్న వచ్చిన దారినే తిరిగి వచ్చేశాడు. ఆ తర్వాత ఏటా క్రిస్మస్‌కు అమ్మ మా పెద్దమ్మకు ఒక కార్డు రాసేది, పెద్దమ్మ జవాబు రాయించేది. ఆ రెండు కార్డుల్లోనూ ఆ ఇద్దరు మగవాళ్ల క్షేమం తప్ప మాట ఉండేది కాదు. నేను స్కూలు ఫైనలు తప్పి, రాణిగంజ్‌లో ఒక కలప అడితిలో చేరి, దుంగ చుట్టుకొలత చూసి ఎన్ని ఘనపుటడుగులో కాగితం లేకుండా చెప్పడం నాకు నేనే నేర్చుకునే పనిలో ఉన్నంతకాలమూ, మా ఇంట్లో ఆ మౌనం అలాగే నడిచింది.

ఒక ఆదివారం గుడి విడిచాక, కృష్ణా జిల్లా నుంచి ఏదో కూటానికి వచ్చిన ఒక పాస్టరమ్మ మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి, పెదనాన్నకు ఒళ్లంతా నీరు వచ్చిందని, డాక్టర్లు చేతులెత్తేశారని, తమ్ముణ్ని ఒకసారి చూడాలని ఉందని అందరితో అంటున్నాడని చెప్పింది. నాన్న విని తల ఊపాడు. ఇంటికి వచ్చి భోజనం చేశాడు. సాయంత్రం చూస్తే సైకిలు తలకిందులుగా పెట్టి చైనుకు నూనె పోస్తున్నాడు. అమ్మకు అర్థమైంది, నాకు కాలేదు.

నాన్నకు బస్సు పడదు. ఎక్కిన కాసేపటికే కడుపులో తిప్పి, దిగేదాకా మనిషి మనిషిగా ఉండడు. సికింద్రాబాదులో ఎక్కడికైనా సైకిలే. అందుకని సైకిళ్లు రైలు బ్రేకు వ్యానులో వేసుకుని బెజవాడలో దిగి, అక్కడి నుంచి కాలువ వెంట తొక్కుకుంటూ పోదామన్నాడు. బస్సులో అయితే హైవే మీద దిగి కాస్త నడిస్తే చాలు, ఎంతో ముందు చేరతామని నేను లెక్క చెప్పబోతే అమ్మ కళ్లతోనే ఆపింది. ఆయనకు ఆలస్యం కావాలని ఇప్పుడు అనిపిస్తుంది. అన్ని సంవత్సరాల తర్వాత ఆ ముఖం ముందు నిలబడడానికి బస్సు ఇచ్చే వ్యవధి చాలదని. వెళ్లేది ఏ రోజో, సైకిళ్ల మీద వస్తున్నామని, ముందు వెళ్లే పాస్టరమ్మతోనే కబురు పంపాడు. మా వీధి చివర సైకిలు షాపతను నా సైకిలు బ్రేకులు సరిచేస్తూ ఎక్కడికని అడిగి, విని, "కాల్వ గట్టు మీదనా? జెర పైలం బిడ్డా, మీ బాపు ముంగట చూడడు, ఆస్మాన్ చూస్తడు" అన్నాడు. నాన్న విని కూడా విననట్టే ఉన్నాడు గానీ, పెదవి ఒక పక్కకు వంగింది.

వానలు వెనకపట్టిన రోజులు. వేకువన బెజవాడలో దిగాం. కాలువ నిండుగా, ఎర్రగా, చప్పుడు లేకుండా పోతోంది. ఊరు దాటేసరికి నాకు రెండు గట్లూ కనిపించాయి. ఎడమ గట్టు మీద కంకర వేసి చదును చేసిన రోడ్డు, పక్కన నిద్రగన్నేరు చెట్లు, అడపాదడపా ఒక ఎడ్లబండి. కుడి గట్టు మీద గడ్డి, మధ్యలో ఒక కాలిబాట గీత. నాన్న వంతెన దాటి కుడి గట్టు మీదికి తిప్పాడు. నేను అటు చూపించి రోడ్డు అక్కడుంది గదా అంటే, "మనది ఇటువైపు" అన్నాడు. అంతే.

నాకు ఆ పగలంతా ఇప్పటికీ పూసగుచ్చినట్టు గుర్తుంది. సికింద్రాబాదులో పుట్టి పెరిగినవాణ్ని, అంత నిశ్శబ్దంలో ఎన్నడూ సైకిలు తొక్కలేదు. నా సైకిలు వెనకచక్రంలో ఒక చువ్వ వదులైందని అక్కడే మొదటిసారి విన్నాను, ఊళ్లో అదెప్పుడూ వినపడేది కాదు. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క కంటికి ఆనినంత మేర వరిచేలు, గాలికి ఒకేసారి వంగి ఒకేసారి లేస్తున్నాయి. లకుముకి పిట్ట ఒకటి మా కంటే ముందు ఎగిరి కూర్చుంటూ, మేం దగ్గరికి రాగానే మళ్లీ ఎగురుతూ చాలా దూరం తోడు వచ్చింది. రేవుల్లో బట్టలుతికే ఆడవాళ్లు చేతులాపి, ఈ గట్టున సైకిళ్లేమిటా అన్నట్టు చూశారు. ఎదురుగాలి. నాన్న ముందు, నేను వెనక. ఆయన తల తిప్పకుండా గాలిలోకి మాట్లాడుతున్నాడు, ఆ గాలే మాటల్ని నా దగ్గరికి మోసుకొస్తోంది. ఎదురుపడవ వస్తే దిగువకు పోయేవాళ్లు తాడు నీళ్లలో ముంచి ఎగువకు పోయేవాళ్లకు దారి ఇవ్వాలని, ఒకసారి ఎవరో పొగరుగా ముంచకపోతే పెదనాన్న తమ్ముణ్ని వెనక్కి నెట్టి తాను కలబడ్డాడని, జ్వరం వచ్చిన రోజు తమ్ముడి వంతు బరువు కూడా తానే లాగుతూ, తాడు వదులైందని పడవలోంచి తాత కేకలేస్తే "వాడే లాగుతున్నాడు, నేనే అలిసిపోయాను" అన్నాడని. నా జన్మలో నాన్న నాతో మాట్లాడిన మాటలన్నీ ఒక కుప్ప పోసినా ఆ పగలు మాట్లాడినన్ని ఉండవు.

కానీ ఆ గట్టు ఇంక గట్టు కాదు. పడవలు ఆగిపోయాక దాన్ని పట్టించుకున్నవాడు లేడు. పొలాలవాళ్లు ఎక్కడికక్కడ తవ్వి చేలకు నీళ్ల బోదెలు తీసుకున్నారు, ప్రతి బోదె దగ్గరా దిగి, సైకిలు భుజానికెత్తుకుని దాటాలి. తుమ్మముళ్లు. నా చక్రం ఒకసారి, ఆయన చక్రం ఒకసారి పంక్చరు. పంపు కొడుతూ అవతలి గట్టు వైపు చూస్తే, ఒక పాలవాడు క్యాన్లు తగిలించుకుని ఈల వేసుకుంటూ పోతున్నాడు. పొద్దు నడినెత్తి దాటింది. అమ్మ కట్టిచ్చిన చపాతీలు తిన్నాం. నాన్న ముఖంలో నాకు ఒక సంతోషం కనిపించింది. చిత్రమైన సంతోషం, పరీక్షకు పోయే పిల్లవాడికి దారిలో నేరేడుపళ్లు దొరికినట్టు.

లాకులు ఇంకా కొంత దూరం ఉన్నాయనగా, అవతలి గట్టు మీద, ఒక చెట్టు కింద, కుర్చీలో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ఎండ జరిగి చెట్టు నీడ ఆయన మీంచి తప్పుకుంది. పక్కన ఒక కుర్రవాడు గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. వాడు పెదనాన్న కొడుకని నాకప్పుడు తెలియదు. కుర్చీలో మనిషి రోడ్డు వంకే, బెజవాడ వైపే చూస్తున్నాడు. నాన్న బ్రేకు వేసి ఆగిపోయాడు. సైకిలు పట్టుకుని నిలబడ్డాడు గానీ పిలవలేదు. ఆ కుర్రవాడే మమ్మల్ని చూసి వంగి చెవిలో ఏదో చెప్పాడు. ఆయన మెల్లగా తల తిప్పాడు.

మధ్యలో కాలువ. దగ్గర్లో వంతెన లేదు, బల్లకట్టు లేదు, లాకుల దగ్గరికి పోతేనే దాటడం. చీమ చిటుక్కుమంటే వినపడేలా ఉంది. పెదనాన్న గొంతెత్తలేదు, మామూలుగానే మాట్లాడాడు. నీళ్ల మీదుగా ప్రతి అక్షరమూ వచ్చింది.

"ఏరా తమ్ముడూ, ఆ గట్టున వస్తన్నావేంట్రా?"

"ఇదే గదన్నయ్యా మన గట్టు."

పెదనాన్న నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. దగ్గు ఆగాక, "అది పోయి ఎంత కాలమైందిరా" అన్నాడు. పుట్టి పెరిగాక ఆ ఇద్దరూ అలా ఎదురెదురుగా, ముఖం ముఖం చూసుకుంటూ మాట్లాడుకోవడం అదే మొదలేమో. తర్వాత పెదనాన్న, ఎంతో కాలంగా నోట్లో ఉంచుకున్నది దించేసుకున్నట్టు, "అమ్మను ఉంచలేకపోయాన్రా. ఎండలు నీకు తెలియనివా" అన్నాడు.

నాన్న నోరు తెరిచాడు. ఏదో ఉంది చెప్పడానికి. కానీ అలాంటి మాట కాలువ అవతలికి, పక్క రేవులో మనుషులు వింటుండగా ఎలా చెప్పడం. దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకుని చెప్పాలనుకున్నాడు.

"ఉండన్నయ్యా, వస్తన్నా" అన్నాడు.

ఆ తర్వాత నాన్న తొక్కిన తొక్కుడు నేను మళ్లీ చూడలేదు. ముళ్లూ చూడలేదు, బోదెలూ చూడలేదు. లాకులకు కొంచెం ఇవతల ఒక పెద్ద మురుగుకాలువ గట్టును తెగ్గోసి పోతోంది. దాని మీద ఒకప్పుడు బల్లలుండేవట. మొలలోతు నీళ్లలో సైకిళ్లు నెత్తిన పెట్టుకుని దిగి, బురదలో కూరుకుపోతూ, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఎక్కేసరికి చాలాసేపు పట్టింది. లాకు తలుపుల మీది ఇరుకు బల్ల దాటి ఇంటి ముందుకు వచ్చేసరికి ఆ చెట్టు దగ్గర్నుంచి వచ్చిన రిక్షా అప్పుడే ఆగి ఉంది. నలుగురు పెదనాన్నను ఎత్తి మంచం మీద వేస్తున్నారు. దారిలోనే తల వాల్చేశాడట. ఊపిరి ఆడుతోంది గానీ కళ్లు తెరవడం లేదు.

నాన్న బురద కాళ్లతోనే మంచం పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, చెవి దగ్గర వంగి చాలాసేపు ఏదో చెప్పాడు. నేను గుమ్మం బయట ఉన్నాను, వినలేదు. పెదనాన్నకు వినపడిందో లేదో ఎవరికీ తెలియదు. తెల్లవారేసరికి పోయాడు.

పెద్దమ్మ ఎవర్నీ ఏమీ అనలేదు. పొద్దున్నే రిక్షాలో అక్కడిదాకా పోయి కుర్చీ వేయించుకున్నాడని, ఎంత చెప్పినా ఇంటికి రానన్నాడని, అది కూడా ఎవరో అడిగితేనే చెప్పింది. "కాలువ అవతల కూడా చూడండి, పాత గట్టున వస్తాడేమో అని మావాడంటే, పట్నంలో ఉండేవాడు, వాడికా ముళ్లెందుకు, రోడ్డు మీదే వస్తాడు అన్నాడయ్యా" అంది. నాన్న, "అన్నయ్య పాత గట్టు వైపే చూస్తుంటాడనుకున్నా వదినా" అన్నాడు. అన్న తమ్ముడి సుఖం చూశాడు. తమ్ముడు అన్న అలవాటు గుర్తుపెట్టుకున్నాడు. అంత చేసీ, చెరొక గట్టున పడ్డారు.

పెట్టె ఎత్తేటప్పుడు, తమ్ముడివి గదా ముందుకు రమ్మని పెద్దలు పిలిచారు. నాన్న రాలేదు. "నా చోటు వెనకే" అని వెనక భుజం పట్టాడు. ఈసారి ఆయన సమాధి మీద పిడికెడు మట్టి వేయగలిగాడు. తిరుగు ప్రయాణంలో సైకిళ్లు రోడ్డు గట్టు మీదే తొక్కాం. ఎంత తొందరగా బెజవాడ చేరామో ఇద్దరం గమనించాం.

ఆ లెక్క నా తలలో అప్పుడే మొదలైంది. నాది పాడు బుద్ధి, ఏది చూసినా కొలుస్తాను. రోడ్డు గట్టున, అదే ఎదురుగాలిలో, పంక్చర్లు లేకుండా, బోదెలు లేకుండా వచ్చి ఉంటే ఎప్పటికి చేరేవాళ్లం. అడితిలో దుంగలు కొలుస్తూ కూడా దాన్నే వేసేవాణ్ని. ఎటు నుంచి వేసినా అదే జవాబు. నీడ ఇంకా ఆ చెట్టు కిందే ఉండగా, మాట్లాడుకోవడానికి ఒక పూట మిగిలి ఉండగా చేరేవాళ్లం.

నాన్న ఆ మాట నన్ను అడగడానికి చాలా ఏళ్లు పట్టింది. అప్పటికి అమ్మ లేదు. ఆయనకూ ఊపిరి అందడం తగ్గి సైకిలు మానేశాడు. మారేడ్‌పల్లి ఇంటి అరుగు మీద ఇద్దరం కూర్చుని ఉన్నాం. ఎదురింటి గోడ చూస్తూ, "నీకు లెక్కలొస్తాయి గదరా. ఆ రోజు రోడ్డు గట్టున పోయుంటే ఎప్పటికి చేరేవాళ్లం?" అన్నాడు.

జవాబు నాకు కంఠస్థం. "ఆ గాలికి ఎటు పోయినా అంతే పట్టేది నాన్నా" అన్నాను.

"అంతేనంటావా?"

"అంతే."

ఆయన తల తిప్పి నన్ను చూశాడు. నా ముఖంలోకి. తర్వాత మళ్లీ గోడ వైపు తిరిగి, "అంతేలే" అన్నాడు. నమ్మాడో, నమ్మినట్టుండడం నా కోసమో నాకు తెలియదు. నేను కొలిచి చెప్పలేనివాటిలో అదొకటి.

ఈమధ్య పెదనాన్న మనవరాలి పెళ్లికి కారులో వెళ్లాను. కంకర రోడ్డు వెడల్పయి తారు పడింది, నిద్రగన్నేరు చెట్లు కొట్టేశారు. లాకు తలుపులు తుప్పుపట్టి, తెరుచుకున్న చోటే బిగుసుకుపోయాయి. పడవ లాగిన గట్టు మీద వరసగా రేకుల షెడ్లు, సిమెంటు ఇళ్లు. అక్కడ పుట్టిన పిల్లలకు ఆ గట్టు ఎందుకు ఉందో చెప్పేవాళ్లు లేరు. ఆ చెట్టు ఉన్న చోటు అదే అయి ఉంటుందనుకుని కారాపించి దిగాను. అవతల ఒకావిడ మెట్ల మీద కూర్చుని గిన్నెలు తోముకుంటోంది. కాలువను కంటితోనే కొలిచాను, అలవాటు కొద్దీ. అప్పుడెంత వెడల్పో ఇప్పుడూ అంతే. మామూలు గొంతుతో "అమ్మా" అని పిలిచాను. వెనక ఒక లారీ పోయింది, దాని వెనక ఇంకొకటి. గట్టిగా పిలిచాను. బస్సు హారన్. ఆవిడ తలెత్తలేదు. ఆ అన్నదమ్ములిద్దరూ ఇవాళ అలా ఎదురెదురుగా వచ్చి నిలబడి ఉంటే, పెదవులు కదలడం చూసుకునేవాళ్లు, అంతే. నాన్నకు దక్కిన ఆ కాస్త మాట కూడా దక్కేది కాదు.